బుడగలు ఆగాయని ఫ్లేవర్ ప్యాక్ పోసేయకండి

ఇంట్లో వైన్ చేసుకునే స్ట్రాబెర్రీ వైన్ కిట్ మొదలుపెట్టి వారమైంది, ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత గొట్టం) బుడగలు ఆగిపోయాయి, కాస్త తీసి రుచి చూస్తే పుల్లగా పల్చగా ఉంది తప్ప స్ట్రాబెర్రీ జాడే లేదు, ఫ్లేవర్ ప్యాక్ ఇప్పుడే పోసేయొచ్చా అని అడిగారు. వైన్ మళ్లీ పులియకుండా వేసే స్టెబిలైజర్ పొడులు కెమికల్స్ కదా మానేస్తే ఏమవుతుంది, ఘాటు పెరగాలంటే చక్కెర కలపొచ్చా అని కూడా అడిగారు. మొదటిదానికి సూటిగా చెప్తాను: ఇవాళ పోయకండి. తొందరపడి పోస్తే పండు రుచి పోవడమే కాకుండా తర్వాత సీసాలు పగిలే ప్రమాదం కూడా ఉంది. మిగతా విషయంలో టెన్షన్ అక్కర్లేదు, మీరు చెప్పిన లక్షణాలన్నీ చూస్తే కిట్ బాగానే నడుస్తోంది.

పండు జాడ లేకపోవడం ఈ దశలో మామూలే. ఈ కిట్లలో పెద్ద సంచిలో వచ్చేది ఎక్కువగా ద్రాక్ష రసం కాన్‌సన్‌ట్రేట్, కొన్నిటిలో యాపిల్ లేదా పియర్ రసం కూడా కలుపుతారు. డబ్బా మీద బొమ్మ ఏ పండుదైనా ముందు పులిసేది ఇదే. స్ట్రాబెర్రీ రుచి, వాసన, తీపి అన్నీ ఫ్లేవర్ ప్యాక్ అనే ఆ చిన్న ప్యాకెట్‌లో విడిగా పెట్టి ఆఖర్న కలపమంటారు. ఎందుకంటే ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ గ్యాస్ బయటికి పోతూ పోతూ పండు వాసననిచ్చే తేలికపాటి పదార్థాలను వెంట లాక్కుపోతుంది. స్ట్రాబెర్రీ, పీచ్ లాంటి సున్నితమైన వాసనలైతే మరీ తొందరగా పోతాయి. పైగా తీపి మొత్తం ఖర్చయిపోయాక మిగిలే పులుపు మాత్రమే నోటికి తెలుస్తుంది, నాలుకకు ఏ పండూ పట్టదు. మీరు రుచి చూసింది అలాంటి దశలో ఉన్న వైన్. ఈస్ట్ ఇంకా పులియబెడుతూ ఉండగా ప్యాక్ పోస్తే దాని చక్కెరా తినేస్తుంది, దాని వాసనా ఎగిరిపోతుంది, మళ్లీ ఇదే పుల్లటి నీళ్లు మిగులుతాయి.

ఇక బుడగల సంగతి. ఎయిర్‌లాక్‌ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి. బకెట్ మూత ఒక పక్క సరిగ్గా పట్టకపోతే గ్యాస్ అటునుంచే పోతుంది, లోపల జోరుగా పులుస్తున్నా బుడగ ఒక్కటి కూడా కనిపించదు. రాత్రి గది చల్లబడినా ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అదే పులియడం పూర్తిగా అయిపోయాక గది కాస్త వేడెక్కితే, వైన్‌లో కరిగి ఉన్న గ్యాస్ బయటికి వచ్చి రెండు రోజులు బుడగలు వస్తూనే ఉంటాయి. క్యాలెండర్ చూసి చేసేవాళ్లు కూడా ఇలాగే దెబ్బతింటారు. కిట్ పేపర్ మీద వేసే రోజుల లెక్క 20 నుంచి 24 డిగ్రీల వేడిని దృష్టిలో పెట్టుకుని వేసినది, మీ గది 17 డిగ్రీలుంటే ఆ లెక్క మీకు పనికిరాదు.

నమ్మాల్సింది హైడ్రోమీటర్‌నే, అంటే ద్రవం నీళ్లకన్నా ఎంత బరువుగా ఉందో చూపించి, అందులో చక్కెర ఎంత మిగిలిందో తెలిపే తేలే గాజు పరికరం. కిట్‌తో రాకపోతే విడిగా కొనండి, ఈ పనిలో మొదట డబ్బు పెట్టాల్సిన వస్తువు ఇదే. సన్నటి గాజు గొట్టంలో వైన్ తీసుకుని హైడ్రోమీటర్ వదిలాక దాన్ని వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పండి. చుట్టూ అంటుకున్న గ్యాస్ బుడగలు రాలిపోతాయి, లేకపోతే అవి దాన్ని పైకి లేపి రీడింగ్ ఎక్కువ చూపిస్తాయి. తిరగడం ఆగాక కిందికి వంగి, కన్ను ద్రవం మట్టానికి సమానంగా పెట్టి చూడండి. గాజు అంచుల దగ్గర ద్రవం కొంచెం పైకి పాకినట్టు కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకుండా మధ్యలో చదునుగా ఉన్న గీత ఎక్కడుందో అదే చదవాలి. చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీలకు సరిచేసి ఉంటాయి. వైన్ 30 డిగ్రీలుంటే అసలు విలువ కన్నా 0.002, 0.003 తక్కువ చూపిస్తుంది, అంటే ఇంకా పులవాల్సి ఉన్నా అయిపోయిందని పొరబడతారు. చూసిన ఆ కాస్త వైన్ మళ్లీ బకెట్‌లో పోయకండి, తాగి చూడండి, రుచి రోజురోజుకూ ఎలా మారుతోందో తెలిసేది అలాగే.

ఈ పండ్ల కిట్లు మామూలు వైన్ కిట్ల కన్నా తేలిక రకం, చాలావాటిలో మొదటి రీడింగ్ 1.050 చుట్టుపక్కల ఉంటుంది. పులియడం అయ్యేసరికి 0.996 దగ్గరికో, ఇంకా కిందికో రావాలి. మీ కిట్ పేపర్‌లో ఎంత రాసి ఉందో అదే ప్రమాణం. ఆ అంకెకి చేరి, రెండు మూడు రోజుల తేడాతో చూసినా కదలకుండా ఉంటేనే అయిపోయినట్టు. మొదట్లో రీడింగ్ రాసి పెట్టుకున్నారనుకుంటాను. మొదటి దాంట్లోంచి ఇప్పటిది తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, 1.048తో మొదలై 0.996కి దిగితే 6.8 శాతం. ఈ లెక్క ఫ్లేవర్ ప్యాక్ వేయకముందే చూసుకోవాలి, వేశాక ఆ చక్కెర వల్ల రీడింగ్ మళ్లీ పెరుగుతుంది, దాంతో లెక్కేస్తే తప్పు వస్తుంది.

ఒకవేళ రీడింగ్ 1.010 దగ్గరో, ఇంకా పైనో ఆగిపోయి ఉంటే ముందు వేడి చూడండి. బకెట్‌ని 22 నుంచి 24 డిగ్రీలుండే చోటికి మార్చి, అడుగున పడుకున్న ఈస్ట్ పైకి లేచేలా శుభ్రం చేసిన గరిటెతో నెమ్మదిగా కలిపి వదిలేయండి. చాలాసార్లు అంతమాత్రానికే మళ్లీ కదులుతుంది. నాలుగైదు రోజులైనా కదలకపోతే అప్పుడు ఈసీ 1118 లాంటి గట్టి ఈస్ట్ తీసుకుని, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, నురగ లేచాక కొద్దికొద్దిగా ఈ వైన్ కలిపి అలవాటు చేసి వేయాలి. పొడిగా పైన చల్లేస్తే ఆల్కహాల్ ఉన్న వైన్‌లో అది బతకడం కష్టం. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా హడలిపోకండి, ఈస్ట్ ఇబ్బంది పడినప్పుడు వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది, చాలావరకు కలిపితే, వేరే పాత్రలోకి మారిస్తే పోతుంది.

ఇప్పుడు స్టెబిలైజర్లు. ఇక్కడ కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే మీ కిట్‌లాంటి తీపి వైన్‌కి వీటిని మానేయడం కుదరదు. ప్యాకెట్లు రెండు ఉంటాయి, కొన్ని కిట్లలో కలిపి ఒకటే ఉంటుంది. పొటాషియం మెటాబైసల్ఫైట్ బ్యాక్టీరియాని అణచి, గాలి తగిలి వైన్ రంగు మారి పాడవకుండా కాపాడుతుంది. పొటాషియం సార్బేట్ ఈస్ట్‌ని చంపదు, దాని సంతతి పెరగకుండా మాత్రం ఆపుతుంది. ఈ తేడా తెలియకే చాలామంది పులుస్తున్న వైన్‌లో సార్బేట్ వేసి ఆగలేదేంటి అని అడుగుతారు. ఉన్న కోట్ల ఈస్ట్ కణాలు వాటి పని అవి చేసుకుపోతూనే ఉంటాయి. అందుకే ముందు పులియడం పూర్తవ్వాలి, అడుగు మడ్డి నుంచి వైన్‌ని వేరు చేయమని కిట్‌లో ఉంటే వేరు చేయాలి, ఆ తర్వాతే ఈ పొడులు, వాటి తర్వాతే ఫ్లేవర్ ప్యాక్. రెండు పొడులూ జతగా వేయాలన్నది కూడా ముఖ్యం. సల్ఫైట్ లేకుండా సార్బేట్ ఒక్కటే వేస్తే, లాక్టిక్ బ్యాక్టీరియా ఆ సార్బేట్‌ని తిని నలిపిన జెరేనియం ఆకుల్లాంటి వాసన పుట్టిస్తుంది, ఆ వాసన ఒకసారి వచ్చిందంటే తీసే మార్గం లేదు, మొత్తం పారబోయాల్సిందే.

మానేస్తే సీసాలో ఏం జరుగుతుందో అంకెల్లో చెప్తాను. షాంపేన్ పద్ధతిలో సీసాలో రెండోసారి పులియబెట్టడానికి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర వేస్తారు, దానివల్ల లోపల 6 అట్మాస్ఫియర్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి ఆరు రెట్ల దాకా ఒత్తిడి వస్తుంది. దాన్ని తట్టుకోవడానికే ఆ సీసాలు అంత మందంగా, బరువుగా ఉంటాయి, బిరడాకి తీగ కడతారు. తీపి పండ్ల కిట్‌లో ప్యాక్ కలిపాక లీటరుకు ఉండే చక్కెర సులువుగా ఆ స్థాయికి వస్తుంది, మీరు నింపేది మామూలు వైన్ సీసాల్లో. బిరడా ఎగిరితే అదృష్టం, గాజు పగిలితే పక్కనున్నవాళ్ల కళ్లకే ప్రమాదం. కెమికల్ అనిపించినా ఈ ప్యాకెట్లు 23 లీటర్లకి సరిపడా కొలిచి ఇచ్చినవి, పండ్ల రసాల్లో, ఎండు పండ్లలో వాడే పదార్థాలే. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఆస్తమా ఉన్నవాళ్లు, సల్ఫైట్ పడనివాళ్లు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే వాళ్లకి ఈ వైన్ ఇవ్వొద్దు. పొడి వేసేటప్పుడు కూడా ముఖం దగ్గరగా పెట్టకండి, ఘాటు ముక్కుకి గట్టిగా తగులుతుంది. పొడుల్ని అరకప్పు నీళ్లలో పూర్తిగా కరిగించి పోయాలి, సార్బేట్ ఊరికే పైన చల్లితే ఉండల్లా తేలుతుంది. ఎన్నాళ్లనుంచో మూల పడి ఉన్న పాత కిట్ అయితే సార్బేట్ బలం తగ్గి ఉంటుంది, తాజాది కొని వేయడం మంచిది.

గ్యాస్ తీయడం దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు, పేపర్ మీద ఒక్క లైనులో రాసి వదిలేస్తారు కాబట్టి దాని విలువ తెలియదు. పులియడం అయిపోయిన వైన్‌లో కార్బన్ డయాక్సైడ్ బాగా కరిగి ఉంటుంది. అది ఉన్నంతసేపూ నాలుక మీద చురుక్కుమంటుంది, పులుపు ఎక్కువనిపిస్తుంది, అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఏంటంటే వైన్ తేరదు. తేర్చే మందులు మడ్డిని పట్టుకుని కిందికి లాగుతుంటే గ్యాస్ దాన్ని పైకి తోస్తూ ఉంటుంది. డ్రిల్లుకి తగిలించే కలిపే కడ్డీ ఉంటే పని తేలిక, లేకపోతే పొడవాటి గరిటె వెనక వైపుతో రెండు నిమిషాలు గట్టిగా కలపండి, నురగ దిగాక మళ్లీ, ఇలా రోజులో నాలుగైదుసార్లు. మధ్యలో సుడిగుండం పడేలా తిప్పకండి, దాంతో గాలి లోపలికి పోతుంది, కాసేపు ఇటు కాసేపు అటు తిప్పండి. వైన్ చల్లగా ఉంటే గ్యాస్‌ని వదలదు, 22 డిగ్రీల పైన ఉండాలి. అయిందో లేదో చూడటానికి చిన్న సీసా సగం వరకు నింపి, అరచేత్తో మూసి బలంగా ఊపి, చెయ్యి నెమ్మదిగా తీయండి. చేతిని లోపలినుంచి తోసినట్టు అనిపించి తుస్సుమని చప్పుడొస్తే ఇంకా ఉంది. అలాంటిదేమీ లేకుండా చెయ్యి మామూలుగా వచ్చేస్తే అయిపోయింది. నాకైతే ఈ పరీక్ష తర్వాతే తేర్చే మందులు వేయడం అలవాటు, కిట్ వైన్ తేరలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తేలిపోతాయి.

తేర్చే మందులు సాధారణంగా కీసెల్‌సాల్, కైటోసాన్ అని రెండుంటాయి. ఒకదానికి ఋణ ఆవేశం, రెండోదానికి ధన ఆవేశం, వైన్‌లో తేలే నలుసులను ఇటూ అటూ పట్టి గడ్డకట్టించి అడుక్కి దించుతాయి. కాబట్టి వేసే వరస మార్చకండి, రెండిటి మధ్య పేపర్‌లో చెప్పినంత సమయం ఇవ్వండి. కైటోసాన్ రొయ్యలు, పీతల పెంకుల నుంచి చేస్తారు, అవి పడనివాళ్లున్నా, శాకాహారులున్నా ముందే తెలుసుకుంటే మంచిది. మొదటిరోజు మీరు వేడినీళ్లలో కలిపి వేసిన బూడిదరంగు పొడి బెంటొనైట్ మట్టి, దాని పని కూడా ఇదే, ప్రొటీన్లను పట్టి దించడం.

ఫ్లేవర్ ప్యాక్ ఈ వరసలో ఎక్కడ వస్తుందనేది కంపెనీని బట్టి మారుతుంది, కొందరు తేర్చే మందులకి ముందు పోయమంటారు, కొందరు రెండిటి మధ్యలో. మీ పేపర్‌లో ఉన్నదే చేయండి, కానీ స్టెబిలైజర్ల కన్నా ముందు మాత్రం ఏ కిట్‌లోనూ పోయరు. ప్యాక్ బాగా ఊపి, మూత తెరిచే చోట తుడిచి పోసి, అడుగుదాకా కలిసేలా తిప్పాలి, అది చిక్కగా బరువుగా ఉంటుంది కాబట్టి కలపకపోతే కిందే పేరుకుని మొదటి సీసాలు ఒకలా చివరి సీసాలు ఇంకోలా వస్తాయి. మొత్తం ఒకేసారి పోయాలన్న రూల్ లేదు. తీపి తక్కువ ఇష్టమైతే మూడొంతుల్లో రెండొంతులు పోసి, కలిపి, పది నిమిషాలాగి రుచి చూడండి, చాలకపోతే మిగతాది పోయండి. నా అభిప్రాయం అడిగితే మొదటి కిట్‌కి మొత్తం పోయడమే మేలు, ఎందుకంటే ప్యాక్ పోసినరోజు రుచి విడివిడిగా ఉంటుంది, పై పైన సిరప్ వాసనొస్తుంది, అసలు రుచి కుదరడానికి వారాలు పడుతుంది, ఆ రోజు నాలుకని నమ్మి తగ్గిస్తే తర్వాత పల్చగా అనిపించొచ్చు. పోశాక కనీసం రెండు వారాలు ఎయిర్‌లాక్‌తోనే ఉంచి రీడింగ్ చూస్తూ ఉండండి. ప్యాక్ పోసిన రోజు ఎంతుందో రాసుకుని, తర్వాత అది కిందికి దిగుతోందంటే మళ్లీ పులుస్తోందన్నమాట, సీసాల్లోకి ఎత్తొద్దు.

చక్కెర కలిపి ఘాటు పెంచడం చేయొచ్చు, లీటరుకు 17 గ్రాముల చక్కెర సుమారు ఒక శాతం ఆల్కహాల్ ఇస్తుంది, అంటే 23 లీటర్లకి 390 గ్రాములు. కలిపేది మొదట్లో, ఈస్ట్ వేసేముందు, నీళ్లలో కరిగించి. ఇప్పుడు మీ వైన్ పులిసిపోయే దశకి వచ్చింది కాబట్టి దీనికి ఆ ఆలోచన వదిలేయండి. వచ్చేసారి చేసినా ఒక శాతం, మహా అయితే రెండు శాతం దాటొద్దని నా సలహా. ఈ కిట్లలో పులుపు, తీపి, పండు వాసన తక్కువ ఆల్కహాల్‌ని బట్టి కుదిర్చినవి. చక్కెర ఆల్కహాల్‌ని పెంచుతుంది గానీ రుచిలో చిక్కదనాన్ని పెంచదు, పదకొండు పన్నెండు శాతానికి లాగితే స్ట్రాబెర్రీ వెనక్కిపోయి గొంతులో మంట మిగులుతుంది. నీళ్లు తగ్గించి గాఢత పెంచుదామనుకునేవాళ్లకీ ఇదే ఇబ్బంది, ఆల్కహాల్‌తో పాటు పులుపు కూడా పెరుగుతుంది. నిజం పండు కావాలంటే గడ్డకట్టించి కరిగించిన పండ్లను పల్చటి బట్ట సంచిలో కట్టి మొదటి దశలో వేయొచ్చు, గడ్డకడితే కణాలు పగిలి రసం బాగా దిగుతుంది. దాంతో పండ్లలోని పెక్టిన్ అనే జిగురు వల్ల మసక రాకుండా పెక్టినేజ్ ఎంజైమ్ కూడా వేయాలి. ఒకటి రెండు కిట్లు పేపర్ ప్రకారం చేశాక ఇవన్నీ మొదలుపెట్టండి.

శుభ్రత గురించి మీరు అడగలేదు కానీ సీసాల్లోకి ఎత్తే పని ముందుంది కాబట్టి చెప్తున్నాను. కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు. జిడ్డు, మడ్డి ముందు సోడియం పర్‌కార్బొనేట్‌తో కడిగేయాలి, ఆ తర్వాత 4 లీటర్ల నీళ్లకి 50 గ్రాముల మెటాబైసల్ఫైట్ కలిపిన ద్రావణంతో సైఫన్ గొట్టం, సీసాలు, బిరడాలు తడపాలి, కిటికీ తీసి ఉంచి. బట్టలకి వాడే క్లోరిన్ బ్లీచ్ జోలికి పోవద్దు. క్లోరిన్ అవశేషం బిరడా, చెక్క లాంటివాటిలోని పదార్థాలతో, బూజుతో కలిస్తే వైన్‌కి బూజు పట్టిన అట్టపెట్టె వాసనొస్తుంది, ప్లాస్టిక్‌లోంచి ఆ బ్లీచ్ పూర్తిగా వదలడం కూడా కష్టం.

23 లీటర్ల కిట్‌కి 750 మిల్లీలీటర్ల సీసాలు 30 తీసి పెట్టుకోండి, మడ్డి దగ్గర కొంత వదిలేస్తారు కాబట్టి ఒకటి తగ్గొచ్చు. సైఫన్ గొట్టం కొస సీసా అడుక్కి తగిలేలా పెట్టి నింపండి, పైనుంచి ధారగా పోస్తే గాలి కలిసి రంగు గోధుమకి తిరుగుతుంది, స్ట్రాబెర్రీ వైన్‌లో అది చాలా త్వరగా కనిపిస్తుంది. సైఫన్ చేసేటప్పుడు ఆఖరి లీటరు కోసం ఆశపడి బకెట్ వంచకండి, తేరిన వైన్ అంతా మళ్లీ మసకేస్తుంది. బిరడా కొట్టాక మూడు రోజులు నిలబెట్టి ఉంచి తర్వాత పడుకోబెట్టండి. నాలుగు వారాలాగి మొదటి సీసా తెరవండి, రెండు మూడు నెలలకి బాగా కుదురుతుంది. ఎర్ర ద్రాక్ష వైన్‌లా ఏళ్ల తరబడి దాచేది కాదిది, ఆల్కహాల్ తక్కువ, పండు వాసన ఏడాదిలోపే వాలిపోతుంది, కాబట్టి సీసాకి తేదీ అంటించి పాతవి ముందు తాగేయండి. మీరుండే చోట ఇంట్లో వైన్ చేసుకోవడానికి రూల్స్ ఏమున్నాయో కూడా ఒకసారి చూసుకోండి, పరిమితులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, అమ్మడానికైతే లైసెన్స్ లేకుండా దాదాపు ఎక్కడా ఒప్పుకోరు.